ఉన్‌లో శాంతిభద్రతలు కాపాడే విధానం

ఉన్న ఊరు విడిచి, అద్దె తక్కువని సూరత్‌లో ఉధనా–సచిన్ దారిలో ఉన్ పాటియా దాకా జరిగిన మన మగ్గాల తమ్ముళ్ల కోసం ఈ చిట్కాలు. సాంచాల (మరమగ్గాల) సంగతి మీకు ఒకరు చెప్పక్కర్లేదు. గల్లీలో ఎవడైనా కత్తి తీస్తే ఏం చేయాలన్నదే తెలియాలి.

ముందు పొడిచినవాడిది ఏ రాష్ట్రమో కనుక్కోండి. పడ్డవాడికి రక్తం ఆగిందా లేదా అన్నది నిదానంగా చూసుకోవచ్చు. రాష్ట్రం తెలియగానే "ఈ పరప్రాంతీయుల వల్లే" అని గట్టిగా అనండి, గుజరాతీలో అంటే ఇంకా మంచిది. మీ ఆధార్‌లో సిరిసిల్ల అని ఉంటే కార్డును జేబులో కాస్త లోపలికి తోయండి. 2018లో సాబర్‌కాంఠాలో పసిబిడ్డపై అత్యాచారం జరిగాక, ఒక్కడి నేరానికి ఉత్తర గుజరాత్ నుంచి హిందీ మాట్లాడే కూలీలు వేలమంది మూటలు సర్దుకుని పారిపోయారు. మనకేం భయం? మనది తెలుగు. తరిమేవాడు ముందు వ్యాకరణం సరిచూసుకుంటాడు.

స్టేషన్‌కు వెళితే "ఇది మా హద్దు కాదు" అంటారు. నమ్మి వచ్చేయండి. ఎక్కడ జరిగిన నేరానికైనా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాలని 2024 జులై 1 నుంచి చట్టంలోనే ఉంది కదా అని మాత్రం అనకండి. చట్టం తెలిసినవాడిని స్టేషన్‌లో ఇంకాసేపు కూర్చోబెడతారు.

నిందితుణ్ని పట్టుకుంటే ఊరేగింపు అడగండి. గుజరాతీలో వర్‌ఘోడో అంటే గుర్రమెక్కిన పెళ్లికొడుకు ఊరేగింపు. నేరం మోపినవాణ్ని పోలీసులు వీధిలో నడిపించడానికీ ఇప్పుడు అదే మాట (ఈ పెళ్లిలో భోజనాలుండవు, వీడియోలే). తీర్పు తర్వాత మెల్లగా వస్తుంది. వాడు నిర్దోషి అని తేలితే వెనక్కి నడిపించే ఊరేగింపు ఏదీ ఇంకా పుట్టలేదు, మీరూ పుట్టించకండి.

2025 మార్చిలో అహ్మదాబాద్ వస్త్రాల్‌లో అల్లరిమూకలు రెచ్చిపోయాక, అసాంఘిక శక్తుల జాబితా వంద గంటల్లో తయారు చేయమని రాష్ట్ర పోలీసు పెద్ద అన్ని స్టేషన్లకూ ఆదేశమిచ్చారు. ఇలాంటి జాబితాలు మళ్లీ వస్తాయి. మీ గుమ్మం ముందు బండి పెట్టే పక్కింటివాడి పేరు ఇప్పుడే రాసి ఉంచుకోండి.

ఇంటి దగ్గరి పాఠమూ మరవద్దు. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురు ఎన్‌కౌంటర్‌లో చనిపోతే పోలీసులపై పూలు చల్లాం. పోలీసులు చెప్పింది కట్టుకథ, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలి అని దానిపై విచారణ జరిపిన సిర్పూర్కర్ కమిషన్ చెప్పిన సంగతి 2022లో బయటికొచ్చింది. అందుకే పూలు మొదటిరోజే చల్లెయ్యాలి. ఆలస్యమైతే వాడిపోతాయి.

ఎన్నికలప్పుడు మన సంఘం పెద్దలు నాయకుణ్ని తీసుకొస్తారు. అధికార పక్షమైతే నేరాలు తగ్గాయని, ప్రతిపక్షమైతే పెరిగాయని చెబుతాడు. ఇద్దరికీ చప్పట్లు కొట్టండి. బుల్డోజర్ అడగండి, కెమెరాలు అడగండి. రాత్రి పాళీ దిగి ఇంటికొచ్చే ఆడవాళ్ల దారిలో దీపం అడగొద్దు, అది చిన్న విషయం. పోలీసులను రాజకీయుల చేతి నుంచి తప్పించమని సుప్రీంకోర్టు 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పింది కదా, ఏమైందని అసలే అడగొద్దు. ఆ ప్రశ్నకు రెండు పక్షాలూ ఒక్కసారే వాచీ చూసుకుంటాయి.

ఇక సాక్ష్యం. కళ్లారా చూశారు, పొడిచినవాడి చొక్కా రంగు కూడా గుర్తుంది. అయినా జమాదారు అడిగితే "సాంచాల మోతలో ఏమీ వినపడలేదు సాబ్" అనండి. ఆ రోజు కరెంటు లేక కార్ఖానాలన్నీ బందే కదా అని అతను అడగడు. అతనికీ అదే కావాలి.