తిరుగుతాంది సామీ, తిరుగుతాంది

ఎవరూ అడగలేదు. అయినా ఆదోని, ఎమ్మిగనూరు రెండింటికీ కలిపి ఒక డ్యాష్‌బోర్డు గీసి పెట్టాను. అడిగాక గీసేవాణ్ణి ఉద్యోగి అంటారు, అడగకముందే గీసేవాణ్ణి కన్సల్టెంటు అంటారు. ఈ వయసులో ఉద్యోగం ఎవరిస్తారు?

నా డ్యాష్‌బోర్డులో 24 పెట్టెలు. ఆదోని యార్డుకు వచ్చిన పత్తి, వేరుశనగ, ఆముదాలు. జిన్నింగు మిల్లుల ముందు బారు తీరిన బండ్లు. తుంగభద్ర దిగువ కాలువలో నీళ్లు. ఎమ్మిగనూరు మగ్గాలు. కోసిగి, కౌతాళం పల్లెల నుంచి మిరపకాయలు కోయడానికి గుంటూరు దిక్కు వలసపోయినవాళ్లు, వాళ్ల వెంట బడి మానేసిన పిల్లలు. నడుమ ఒక పటం, పటం మీద రైతుకొక చుక్క. చుక్కలన్నీ పడేసరికి పడమటి కర్నూలంతా ఒకటే ఆకుపచ్చ ముద్ద అవుతుంది. ఏ చేను ఎవరిదో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు గానీ, పైవాళ్లకు చూడముచ్చటగా ఉంటుంది. నెత్తిన నాయకుల ఫొటోలు. వాటి నాణ్యతలో మాత్రం రాజీ లేదు. పత్తి ధర కంటే ముందు చిరునవ్వు దిగాలి.

అన్నీ సిద్ధమయ్యాక తెర తెరిచాం. నడిమధ్యన ఒక సున్న తిరగడం మొదలుపెట్టింది.

పక్కన కూర్చున్న రైతు కాసేపు చూసి, "ఏమప్పా, పత్తి ఎంత పలికిందంటా?" అన్నాడు.

"తిరుగుతాంది సామీ."

"ధరనా?"

ప్రోగ్రాము రాసిన కుర్రాడిది ఎమ్మిగనూరే. ఎందుకు తిరుగుతుందో నాకు చెప్పబోయాడు. తెర తెరవగానే ఒక్కో పెట్టె విడివిడిగా సర్వరు దగ్గరికి పోయి తన లెక్క తాను అడుగుతుందట. 24 పెట్టెలంటే 24 అడగడాలు. ఊరు ఎంచుకునే జాబితా కోసం జిల్లాలోని ఊళ్లన్నీ ముందే దింపుకోవాలట. పైగా నేను అంతా లైవ్‌గా ఉండాలని పట్టుబట్టాను. యార్డులో టెండర్లు తెరిచాక పత్తి ధర ఖాయమైతే, మళ్లీ టెండరు దాకా ఆ అంకె కదలదు. అయినా ఎవరు వేలు పెట్టినా నా డ్యాష్‌బోర్డు మొదటి సంవత్సరం మొదటి లాటు నుంచి మళ్లీ కూడుకుంటూ వస్తుంది. నిన్న వచ్చిన మొత్తమే ఇవాళా వస్తుంది. లెక్క మీద నమ్మకం కుదరాలంటే మరెలా?

"రాత్రే మండలంవారీగా కూడి చిన్న పట్టిక చేసి పెట్టుకుంటే పొద్దున దాన్ని చదివితే చాలు కదా సార్," అన్నాడు కుర్రాడు.

"రాత్రి కూడింది చద్దన్నం నాయనా."

"పొద్దున్నే చేనికి పోయేవాళ్లు తినేది అదే సార్."

ఇలాంటివాళ్లను సమావేశాలకు రానివ్వకూడదు.

తెర ఎంత ఆలస్యమైతే మనిషి ఏమవుతాడో జేకబ్ నీల్సన్ అనే పెద్దమనిషి 1993లోనే రాసి పెట్టాడు. సెకనులో పదో వంతులో తెర పలికితే మనిషికి వెంటనే జరిగినట్టుంటుంది, సెకను దాటితే ఆలోచన తెగుతుంది, 10 సెకన్లు దాటితే మనసు వేరే పని మీదికి పోతుంది. మా సమీక్షలో ఆ వేరే పని పేరు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. అవి వచ్చేలోపే తెర తెరుచుకుంటే తెప్పించిన ఖర్చుకు ఏమని రాసుకోవాలి?

నిజానికి ఆదోనికి డ్యాష్‌బోర్డు ఎప్పుడో ఉంది. పేపర్లో జిల్లా పేజీ మూలన పడే మూడు అంకెలు: గరిష్ఠం, మధ్యస్థం, కనిష్ఠం. 2016 ఏప్రిల్ 14న మొదలైన ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్, వెయ్యికి పైగా మార్కెట్లను కలుపుకున్న తర్వాత కూడా, ధర చెప్పాల్సిన చోట ఆ మూడే చెబుతుంది. వాటిని చూసే రైతు బండి కట్టాలా, ఇంకో వారం ఆగాలా తేల్చుకుంటాడు. మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐకి అమ్మేవాడికి ఇంకొన్ని కావాలి. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటితే కోత, 12 దాటితే కొనరు. కపాస్ కిసాన్ యాప్‌లో పత్తి తేవడానికి స్లాటు ఏ రోజుకు దొరికిందో తెలిస్తే ఇక అతనికి మనతో పని లేదు. ఇవన్నీ నా డ్యాష్‌బోర్డులోనూ ఉన్నాయి. పదిహేడో పెట్టె, కిందికి జరిపితే కుడిపక్కన.

ఎమ్మిగనూరు సంగతీ అంతే. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం నిలబెట్టిన ఊరది. నేత సంఘం ఎక్కడున్నా అడిగే లెక్కలు మూడు: నూలు ఎంత ఇచ్చాం, బట్ట ఎంత వచ్చింది, కూలి ఎంత ముట్టింది. నాకవి మరీ పాతకాలంగా తోచి, నేతన్నల సంతృప్తి సూచీ పెట్టాను. ముల్లు ఊగే మీటరు బొమ్మ. ఊగి ఊగి ఆకుపచ్చలో ఆగుతుంది. కూలి లెక్క మాత్రం అందులో కలపలేదు. కలిపితే ముల్లు ఎటు పోతుందో ఊహించగలను.

2017లో వెలగపూడి సచివాలయంలో ప్రభుత్వ పనులను ఎప్పటికప్పుడు కనిపెట్టి చూసే ఆర్టీజీఎస్ కేంద్రం, గోడంత తెర వచ్చాక, అలాంటి గోడ ఎవరికి మాత్రం వద్దనిపిస్తుంది? నేనూ గోడ కోసమే గీశాను. ఆఫీసు వైఫైలో, ఏసీ గదిలో పరీక్షించాను. కోసిగిలో రైతు చేతిలో ఉన్నది పగిలిన అద్దం ఫోను, సిగ్నలు ఒక గీత. ఆయన కోసం గీసి ఉంటే నాలుగు అంకెలతో అయిపోయేది. అంత చిన్నదాన్ని ప్రారంభించడానికి పెద్దవాళ్లెవరైనా వస్తారా?

వేగం పెంచడానికి దారులు రెండు. ఒకటి, పెద్ద సర్వరు కొనడం. రెండు, అక్కర్లేని పెట్టెలు తీసేయడం. మొదటిదానికి బిల్లు పెట్టొచ్చు. పెట్టె తీసినందుకు బిల్లు పెట్టలేం. పైగా ప్రతి పెట్టె వెనకా ఒక శాఖ, శాఖ వెనకా ఒక సారు ఉంటారు. పెట్టె తీస్తే ఆ శాఖ పనిచేయడం లేదని నేను బాహాటంగా చెప్పినట్టు.

అయినా కుర్రాడి పోరు పడలేక 24ను ఆరుకు తగ్గించాలని ఊహలోనే ఒక కమిటీ వేశాను. తీసేయదగిన పెట్టెలేవో రాయమని శాఖలకు లేఖలు పోయాయి. ప్రతి శాఖా పక్క శాఖ పేరు రాసి పంపింది. ఈ లేఖల పుణ్యాన డ్యాష్‌బోర్డనేది ఒకటుందని మరో రెండు శాఖలకు తెలిసి, తమ పెట్టె ఏదని అడిగాయి. ఇప్పుడు 27. చివరిది కమిటీ సొంతంగా చేర్చింది, డ్యాష్‌బోర్డు ఎంత వేగంగా తెరుచుకుంటోందో చూపడానికి. అది మిగతా 26 తెరుచుకున్నాకే తెరుచుకుంటుంది.