ముహూర్తం పెట్టాక జాతకాలు

పెళ్లి ఖాయమయ్యాక జాతకాలు చూపించడం మన ఇళ్లలో లేని పనేం కాదు. పెద్దల ముఖం చూసి పంతులుగారే గ్రహాలను కాస్త అటూ ఇటూ జరుపుతారు. ఆంధ్రప్రదేశ్ రాజధాని కథా అంతే.

2014లో రాజధానికి చోటు చూడమని వేసిన శివరామకృష్ణన్ కమిటీ ఊళ్లు తిరిగి, అంతా ఒక్కచోటే పోగెయ్యొద్దంది, విజయవాడ, గుంటూరు నడుమ పచ్చటి పొలాలు జాగ్రత్తంది. ఆగస్టులో నివేదిక అందింది. సెప్టెంబరు మొదటి వారంలోనే, రాజధాని విజయవాడ పరిసరాల్లోనేనని సభలో ప్రకటన! సిరా ఆరనిచ్చారో లేదో.

ప్రభుత్వం మారింది. 2019లో జీఎన్ రావు కమిటీ. ఈసారి పని మరీ చురుకు. మూడు రాజధానులు రావచ్చని డిసెంబరు 17న ముఖ్యమంత్రి సభలో చెప్పేశారు, కమిటీ నివేదిక 20న ఇచ్చింది. సలహా అడిగినవారు చెప్పేవారికంటే మూడు రోజులు ముందున్నారన్నమాట! చాలదన్నట్టు బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపు నివేదిక ఒకటి, ఆ రెండూ చదివిపెట్టడానికి హైపవర్ కమిటీ ఇంకొకటి. తీరా 2021 నవంబరులో మూడు రాజధానుల చట్టాలే వెనక్కి వెళ్లాయి.

వీటన్నిటికంటే తెలంగాణ సంగతి తేల్చమని వేసిన 2010 నాటి శ్రీకృష్ణ కమిటీ నయం. ఏకంగా ఆరు దారులు రాసిచ్చింది. ఎవరికి నచ్చిన పేజీ వారు చదువుకున్నారు, మిగతావి బీరువాలో పెట్టారు.

ఇక మీదట కమిటీ వేసే ఏలినవారికి ఓ చిన్న మనవి. నివేదిక కూడా మీరే రాసిచ్చేయండి. కమిటీవారికి కనీసం తిరుగుడు ఖర్చులైనా తప్పుతాయి.