లక్ష ఎంఏహెచ్ కాకిలెక్కలు

చలి మొదలైతే చాలు, లంబసింగి మంచు కోసమో, వంజంగి మబ్బుల కోసమో, గండికోట లోయ అంచున ఒక రాత్రి టెంటు కోసమో జనం బయల్దేరతారు. వాళ్లకన్నా ముందే బ్యాటరీల ప్రకటనలు బయల్దేరతాయి. అరచేతిలో పట్టే డబ్బా. దాని మీద బంగారు రంగులో '1,00,000 ఎంఏహెచ్'. పక్కన పొగలు కక్కే కెటిల్, అన్నం ఉడికే కుక్కర్, కూల్‌డ్రింకులు నిండిన బుల్లి ఫ్రిజ్. అరచేతిలో వైకుంఠం చూపించడం పాత విద్యే. ఈ మధ్య వైకుంఠానికి ప్లగ్ పాయింటు కూడా పెట్టారు, అంతే తేడా.

ఎంఏహెచ్ అంటే మిల్లీ ఆంపియర్ అవర్. ఆ లక్షలో ఉన్న మర్మమంతా 'మిల్లీ'లోనే ఉంది. రెండు కిలోల వంకాయల్ని 'ఇరవై లక్షల మిల్లీగ్రాములు' అని అమ్మితే కూరగాయల బండి దగ్గర నవ్విపోతారు. 20 ఆంపియర్ అవర్లను ఇరవై వేల ఎంఏహెచ్ అంటే మాత్రం జనం భక్తిగా డబ్బులు తీస్తారు.

పోనీ, ఆ అంకె అయినా పూర్తి లెక్కా అంటే కాదు, సగం లెక్క. దాన్ని వోల్టులతో గుణిస్తే గానీ డబ్బాలో ఎంత శక్తి ఉందో తేలదు. ఆ వచ్చేదే వాట్ అవర్. దీనికి రుజువు చాలా ఇళ్లలోనే ఉంది. మెట్ల కింద ఇన్వర్టర్‌కు తగిలించిన 150 ఏహెచ్ బ్యాటరీని ఎంఏహెచ్‌లో చెబితే లక్షన్నర. 12 వోల్టులతో గుణిస్తే 1,800 వాట్ అవర్లు. దాన్ని కదపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. పవర్ బ్యాంకు లోపలి సెల్లు 3.7 వోల్టులది. లక్ష ఎంఏహెచ్ నిజంగా ఉన్నా అది 370 వాట్ అవర్లే. ఒకటిన్నర రెట్లే తేడా అనిపించే చోట అసలు తేడా దాదాపు అయిదు రెట్లు!

ఈ బాపతు లెక్క మనకు కొత్తేమీ కాదు. 1990లలో టేప్ రికార్డర్ల మీద 'పీఎంపీఓ వెయ్యి వాట్లు' అని స్టిక్కర్లు ఉండేవి. నిజంగా వెయ్యి వాట్లు వచ్చుంటే వీధి వీధంతా కిటికీ అద్దాలు మార్పించుకోవాల్సి వచ్చేది. ఆ స్టిక్కర్ వాళ్ల వారసులే ఇప్పుడు బ్యాటరీల్లో ఉన్నట్టున్నారు.

లక్ష నిజమో కాదో తేల్చడానికి ల్యాబు అక్కర్లేదు, కిరాణా కొట్టు కాటా చాలు. మంచి లిథియం అయాన్ సెల్లయినా కిలో బరువుకు ఇచ్చేది సుమారు 250 వాట్ అవర్లు. 370 కావాలంటే ఒక్క సెల్లుల బరువే కిలోన్నర దాకా ఉండాలి. ప్రకటనలో డబ్బా తూగేది నాలుగు వందల గ్రాములు. మిగతా కిలో ఎక్కడుందో కంపెనీవాడే చెప్పాలి. లిథియం అయాన్ బ్యాటరీ మీద చేసిన పనికి గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ ఇచ్చారు. వాళ్లు దశాబ్దాలు కష్టపడి సాధించింది ఒక ఎత్తు, లేబుల్ ప్రింటు చేసేవాడు ఒక్క సున్నాతో సాధించింది ఒక ఎత్తు.

విమానంలో వెళ్లేవాళ్ల తమాషా వేరు. పవర్ బ్యాంకును చేతి సామానులోనే తీసుకెళ్లాలి. 100 వాట్ అవర్లు దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే అసలు ఎక్కనివ్వరు. 50,000 ఎంఏహెచ్ అంటే 185 వాట్ అవర్లు. లేబుల్ నిజమైతే డబ్బా శంషాబాద్‌లోనే ఆగిపోతుంది. అబద్ధమైతే లద్దాఖ్ దాకా వస్తుంది గానీ అక్కడ పనికిరాదు.

ఇక పవర్ స్టేషన్లనే పెద్ద బ్యాటరీ పెట్టెలు. చూడ్డానికి దర్జాగా ఉంటాయి, పేరు చివర 500, 1000 అని అంకెలూ ఉంటాయి. అది వాట్లా, వాట్ అవర్లా? ఒక్కో కంపెనీది ఒక్కో మాట. వాట్లంటే ఒక్కసారిగా ఎంత బరువు మోయగలదు అని, వాట్ అవర్లంటే మొత్తం ఎంత సరుకుంది అని. 500 వాట్ల పెట్టెకు 1,500 వాట్ల కెటిల్ తగిలిస్తే టీ రాదు, 'ఓవర్‌లోడ్' అని కీచుమనే శబ్దం వస్తుంది. 'కారు ఉందిగా' అనే ధీమా ఇంకొకటి. చిన్న కారు బ్యాటరీ 35 ఏహెచ్, కాగితం మీద 420 వాట్ అవర్లు. ఇంజను స్టార్ట్ చేయడానికి పుట్టిన ఆ బ్యాటరీని రాత్రంతా పిండితే తెల్లారి ఘాట్ రోడ్డులో కారు నెట్టడానికి మనుషుల్ని వెతుక్కోవాలి.

అసలు బ్యాటరీతో నీళ్లు కాచాలన్న కోరికే వింత. లంబసింగి చలిలో పది డిగ్రీలున్న లీటరు నీళ్లు మరగాలంటే తక్కువలో తక్కువ 100 వాట్ అవర్లు కావాలి. ఇరవై వేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉన్నది 74. అంటే మొత్తం ఊడ్చి పోసినా లీటరు నీళ్లు మరగవు. అదే చిన్న క్యాంపింగ్ స్టవ్ కింద పెట్టే 230 గ్రాముల గ్యాస్ డబ్బాలో దాదాపు 2,900 వాట్ అవర్ల వేడి ఉంటుంది. అందులో సగం గాలికి పోయినా పది లీటర్లకు పైగా మరుగుతాయి. కాకపోతే స్టవ్ టెంటు బయటే వెలిగించాలి.

మరి నలుగురు ఒక రాత్రికి వెళ్తే నిజంగా కావాల్సిందెంత? నాలుగు ఫోన్లకు తలా ఇరవై చొప్పున 80, అయిదు వాట్ల దీపం ఆరు గంటలు వెలిగితే 30, పాటల స్పీకరుకో 10. మొత్తం 120. మధ్యలో పోయే నష్టం కలిపితే 150. అంటే నికార్సయిన ఇరవై వేల పవర్ బ్యాంకులు రెండు, ఇద్దరి బ్యాగుల్లో చెరొకటి. రెండు మూడు రోజులుండేవాళ్లు, చిన్న ఫ్రిజ్ తప్పదనేవాళ్లు పవర్ స్టేషన్ కొనుక్కోవచ్చు. బరువు కాస్త ఎక్కువైనా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం ఎక్కువ ఏళ్లు వస్తుంది, వేడికీ తట్టుకుంటుంది.

కొనేవాళ్లు చేయాల్సింది ఇంతే. డబ్బా ముందు వైపు చదవడం మానేసి వెనక్కి తిప్పండి. చీమ తలకాయంత అక్షరాల్లో వాట్ అవర్లు ఎన్నో, 'రేటెడ్ కెపాసిటీ' ఎంతో వెతకండి. బీఐఎస్ గుర్తు పక్కన 'ఆర్'తో మొదలయ్యే నంబరు ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. ఇవేవీ లేకుండా ఉత్త లక్షలే కనబడితే, సగం ధరకిస్తానన్నా సరే, ఆ డబ్బాను అక్కడే పెట్టి రండి.