సఫారీ సంచి: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మా మామయ్య తెలుగు పండితుడిగా రిటైరై నెల్లూరు దగ్గరి మైపాడులో స్థిరపడ్డారు. ఈ జులైలో అత్తయ్యతో కలిసి కెన్యాలోని మసాయి మారా చూడబోతున్నారు. టికెట్ల ఖర్చు రొయ్యల చెరువులు చేసే కొడుకుది. ట్రావెల్స్ వాళ్లు పంపిన నాలుగు పేజీల సూచనలు చదివి, ఇంత వచనం ఎవడు గుర్తుపెట్టుకుంటాడని విసుక్కుని, మామయ్య దాన్ని ఒక ఆటవెలదిలోకి దించి ఫ్రిజ్ మీద అతికించారు. పద్యం తేలికే. అత్తయ్యే లొంగడం లేదు. కనుక వ్యాఖ్య అవసరమైంది.

మెదక్ దగ్గరి కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. ఆ రెండో మాట మీద నిలబడి పెట్టె సర్దినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మూలం

మెత్త సంచి యొకటె; మించరాదు పదేను
కేజి; నీలి నలుపు కిట్టవచట;
చలికి నున్ని యొకటి చంకలో నుండాలి;
టీక లేక తిరిగి రాక లేదు.

ప్రతిపదార్థం

మెత్త సంచి = చక్రాలూ గట్టి అంచులూ లేని గుడ్డ సంచి; ఒకటె = మనిషికి ఒక్కటే; పదేను కేజి = చేతిసంచితో కలిపి పదిహేను కిలోలు; మించరాదు = దాటకూడదు; అచట = ఆ అడవిలో; నీలి నలుపు = నీలం, నలుపు బట్టలు; కిట్టవు = పనికిరావు; చలికిన్ = చలి కొరకు; ఉన్ని యొకటి = స్వెటరు; చంకలోన్ ఉండాలి = చేతికందేట్టు ఉండాలి; టీక లేక = టీకా వేయించుకోకుండా; తిరిగి రాక = ఇల్లు చేరడం; లేదు = లేదు.

టీక

మెత్త సంచి యొకటె: నైరోబీలోని విల్సన్ విమానాశ్రయం నుంచి మారాకు పోయేది డజను మందిని మోసే చిన్న విమానం. దాని పొట్ట కింది అరలో గట్టి సూట్‌కేసు ఇమడదు, మెత్తటి సంచి అయితే ఒదుగుతుంది. ఇక్కడొక పాఠాంతరం ఉంది. అత్తయ్య ‘పదేను’ కొట్టేసి పెన్సిలుతో ‘ముప్పదేను’ అని దిద్దింది. పెద్ద విమానం వాళ్లు ఒప్పుకుంటున్నారుగా అని ఆమె వాదం. ఈ పాఠం అంగీకరిస్తే గణభంగం. చిన్న విమానం వాళ్లూ ఎక్కనివ్వరు. మొదటిసారి రొయ్యల మేత తూచే కాటా మీద పెడితే ఆమె సంచి ఇరవై రెండు చూపింది. అందులో నాలుగు కిలోలు కందిపొడి, గోంగూర, మలై కాజా. అవన్నీ క్యారీబ్యాగుల్లో చుట్టి ఉన్నాయి. కెన్యాలో 2017 ఆగస్టు 28 నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషిద్ధం. పొడులు స్టీలు డబ్బాలోకి మారాయి, తూకం మరో అరకిలో పెరిగింది.

నీలి నలుపు: “ఏందిరా అబ్బయ్యా, సింహానికి నా చీర రంగుతో ఏం పని?” అని అత్తయ్య ఆక్షేపం. సమాధానం: సింహానికి కాదు, సెట్సీ ఈగకు పని. కుడితే మంట పుట్టించే ఈ ఈగే నిద్రజబ్బును మోసేది. దాన్ని పట్టడానికి అక్కడ కట్టే వలలే నీలం, నలుపు గుడ్డలతో కుడతారు. నీలం వెంకటగిరి చీర కట్టుకుని జీపెక్కడమంటే ఆ వల మనమే చుట్టుకుని కూర్చోవడం. ఖాకీ, మట్టి రంగులు ఉత్తమం. మామయ్య ఎప్పుడో కుట్టించుకున్న సఫారీ సూటు ఇన్నాళ్లకు సార్థకమయ్యేది, బొత్తాలు పడితే.

చలికి: ఆఫ్రికా అంటే ఎండ అని మన ఊహ. నైరోబీ సుమారు 1,800 మీటర్ల ఎత్తున, అంటే మన హార్సిలీ కొండల కన్నా పైన ఉంది. పైగా అది భూమధ్యరేఖకు దక్షిణం, కాబట్టి జులై వాళ్లకు చలికాలం. తెల్లారగట్ల పైకప్పు తెరిచిన జీపులో పోతుంటే మైపాడు మనిషి పళ్లు టకటకలాడతాయి. ‘చంకలో’ అనడంలో కవి గడుసుతనం ఉంది: ఒంటి మీద వేసుకున్నది తూకానికి రాదు.

దేహాన్ని సిద్ధం చేసుకోవడం గురించి కవి ఊసెత్తలేదు. ఆ లోపం తీర్చడానికి రెండు నెలలుగా తెల్లవారుజామున సముద్రం ఒడ్డు ఇసుకలో నడుస్తున్నారు. కాళ్లు గట్టిపడ్డాయి, సంతోషం. అయితే మారాలో జంతువుల మధ్య జీపు దిగనివ్వరు. పని పడేది నడుముకు, మోకాళ్లకు, మూత్రాశయానికి. అందుకని పోయిన వారం నుంచి సాధన మార్చాం. కొడుకు ట్రాక్టరు మీద చెరువు గట్ల వెంట రోజూ రెండు గంటలు.

టీక లేక: ఇది శ్లేష. వ్యాఖ్యకూ, సూదిమందుకూ ఒకటే పేరు. ఇక్కడ కావలసింది పసుపు జ్వరం టీకా. ఆ మందును 1937లో తయారుచేసిన మాక్స్ థైలర్ దక్షిణాఫ్రికాలో పుట్టినవాడు. 1951లో నోబెల్ అందుకున్నాడు. మందును కోడిగుడ్లలో పెంచుతారు, కనుక గుడ్డు పడనివాళ్లు ముందే చెప్పాలి. అరవై దాటినవాళ్లకు డాక్టరు పరీక్షించి సరేనంటేనే వేస్తారు.

కవి ‘పోక లేదు’ అనలేదు, ‘రాక లేదు’ అన్నాడు. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లను కెన్యా ఈ టీకా వేయించుకున్నట్టు పత్రం అడగదు. అడిగేది మన దేశం, తిరిగొచ్చేటప్పుడు. ఆ జబ్బు ఇక్కడ లేదు గానీ దాన్ని మోసే ఏడిస్ దోమ దండిగా ఉంది. పత్రం లేకుండా దిగినవాణ్ణి ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. వేయించుకున్న పదో రోజు నుంచే పత్రం చెల్లుతుంది. 2016 జులై నుంచి అది జీవితాంతం చెల్లుబాటు. నెల్లూరు వాళ్లకు దగ్గరి చోట్లలో ఒకటి చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. హైదరాబాదులోనైతే నారాయణగూడలో వేస్తారు.

తాత్పర్యం

తక్కువ సర్దుకో, మట్టి రంగు కట్టుకో, స్వెటరు తొడుక్కో, పది రోజులు ముందుగా పొడిపించుకో.

విశేషం

రాత్రి మళ్లీ తూచాం. మామయ్య సంచి పన్నెండు. అత్తయ్యది పద్నాలుగు కిలోల ఎనిమిది వందల గ్రాములు. మలై కాజా మాకు వదిలేసింది. టీకా పుస్తకం పచ్చగా ఉందని పసుపు కుంకుమల పక్కన పూజగదిలో పెట్టింది. బయల్దేరేది శుక్రవారం రాత్రి. ఆ వేళకు మైపాడులో ఎవరున్నా ఒకసారి గుర్తుచేయండి.