సరిహద్దు కొత్తపేటలోనే

చిన్ననాడు భూగోళ పాఠములో సరిహద్దు అనగా పటము మీద చుక్కలతో గీచిన ఒక రేఖ యనియు, దాని కీవల మనవారును ఆవల పరులును ఉందురనియు, నడుమ తుపాకి పట్టిన సిపాయి యొకడు చలికి వణకుచు నిలుచుండుననియు మా పంతులుగారు సెలవిచ్చినారు. ఆ మాట నమ్మి అరువది యేండ్లు బ్రదికిన నాకు, అమెరికా సంయుక్త రాష్ట్రముల సరిహద్దు దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దాపున మొదలై, మెట్రో స్తంభముల వెంబడి చైతన్యపురి, కొత్తపేట దాటి, ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ బస్సు కొరకు సంచులతో నిలుచున్న జనము నడుమనుండి పోవుచున్నదని ఈ మధ్యనే తెలిసివచ్చినది.

ఇది అతిశయోక్తి యనుకొనువారు ఒక గురువారము సాయంకాలము నా వెంట నడచి రావచ్చును. గుడి ముందరి పూలబండ్లు దాటి తల యెత్తినచో ఆకాశము కనబడదు; ఒక అంతస్తున గ్రూప్స్ కోచింగు, దానిపైన కానిస్టేబుల్ కోచింగు, ఆపైన హాస్టలు, అన్నిటికంటె పైన, స్వర్గమునకు సమీపముగా, ఓవర్సీస్ కన్సల్టెన్సీ. అచ్చట గోడకు స్వాతంత్ర్యదేవత బొమ్మ యొకటి వేలాడుచుండును. క్రింది మిరపకాయ బజ్జీల బండి పొగకు ఆమె దివిటీ మసిబారగా, కరెంటు పోయిన యింట అగ్గిపెట్టె వెదకు ఇల్లాలివలె ఆమె చేయెత్తి నిలుచుండును. ఆమె పాదముల చెంత కూర్చున్న కుర్రవాడు అడుగు ప్రశ్నలు నాలుగే: “ఫాల్‌కా, స్ప్రింగ్‌కా? బ్యాక్‌లాగ్‌లు ఎన్ని? ఫండ్స్ మీరు చూపిస్తరా, మేము చూపియ్యాల్నా? స్లాట్ దొరికిందా?” వీనికి ఉత్తరము చెప్పినవాడు సరిహద్దు రేఖపై ఒక కాలు మోపినట్లే. వాని పదవతరగతి మార్కులు, తండ్రి జీతము, తప్పిన పరీక్షలు, లేని ఆస్తులు అన్నియు ఆ క్షణము నుండి సముద్రముల కావలనున్న ఒక మహానుభావుని కొరకు ప్రోగుపడసాగును.

ఆ మహానుభావుడు సరిహద్దు రక్షణశాఖలో నిఘా, సమాచార విశ్లేషకుడు. ఉద్యోగము పేరులో సరిహద్దు ఉన్నంతమాత్రమున ఆయన దానిని కన్నులతో చూచియుండవలెనను నియమమేమియు లేదు. 2001 సెప్టెంబరు దాడుల పిమ్మట పుట్టి, నేడు కస్టమ్స్, సరిహద్దు రక్షణ సంస్థ చేతిలో నున్న నేషనల్ టార్గెటింగ్ సెంటర్ వర్జీనియా రాష్ట్రమున గలదు. అచ్చట కూర్చున్నవానికి మెక్సికో ఎడారి యెంత దూరమో మా శంషాబాదు కూడ అంతే దూరము, అనగా కంటికిని కంప్యూటరు తెరకును నడుమ నుండు మూరెడు. విమానము నేల విడువకముందే ప్రయాణికుల జాబితా ఆయన యెదుటికి వచ్చును. టిక్కెట్టు ఎవరు కొన్నారు, ఏ కార్డుతో కొన్నారు, ఏ ఫోను నంబరు ఇచ్చినారు అను వివరములు దానివెంట వచ్చును. ఇంతేగాక 2003 నుండి విదేశీ విద్యార్థి ప్రతివానికిని సెవిస్ అను ఖాతాలో ‘ఎన్’ అక్షరముతో మొదలగు సంఖ్య యొకటి గలదు. తల్లి పెట్టిన పేరు పలుకుటకు వారికి నోరు తిరుగకపోయినను ఆ సంఖ్య మాత్రము తప్పిపోదు.

ఇదంతయు యంత్రమహిమ యని అబ్బురపడువారు మా కాలనీ పెండ్లిళ్ల పేరయ్యగారి నెరుగరు. ఏ అబ్బాయి చదువు పిమ్మటి ఓపీటీ కొలువులో నున్నాడు, ఎవనికి హెచ్1బీ లాటరీ తగులలేదు, సాఫ్ట్‌వేరు కొలువని చెప్పి డల్లాసులో గ్యాస్ స్టేషనున రాత్రి కాపలా ఎవడు కాయుచున్నాడు అనునవి ఆయనకు నోటిలెక్క. వర్జీనియా దొరకు శాఖయు జీతమును పింఛనును గలవు. పేరయ్యగారికి ఒక పంచెలచాపు చాలును.

విశ్లేషణ మనగా నేమో మనవారికి గట్టిగా తెలిసినది 2011 జనవరిలో. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయమను పేరుతో నడచిన సంస్థపై అధికారులు దాడిచేసి మూయించినప్పుడు, అందు పేర్లు వ్రాయించుకొన్న 1,500కు పైబడిన విద్యార్థులలో అధికభాగము నాటి మన ఆంధ్రప్రదేశమువారని వెల్లడియైనది. కోర్టు కాగితములలోని ఒక సంగతి నాకు మిక్కిలి నచ్చినది: విద్యార్థులలో సగమునకు పైగా సన్నీవేల్ పట్టణమున ఒకే అపార్టుమెంటులో కాపురమున్నట్లు రికార్డులలో వ్రాసియుండెనట. ఆ వరుసలు చూచి కనుబొమలు ముడిచిన విశ్లేషకుడు బుద్ధిమంతుడే, కాదనను. కాని మా దిల్‌సుఖ్‌నగర్ బాయ్స్ హాస్టలొకటి, మూడు అంతస్తులపై రేకులు వేసి నాలుగవది చేసి, మంచముపై మంచము, మంచముక్రింద పెట్టె, మెట్లక్రింద ఒక గ్రూప్-2 అభ్యర్థిగా క్రిక్కిరిసియుండగా ఒక్కసారి చూచియుండినచో, ఆయన ఆ చిరునామాను చదివి ‘గాలి బాగుగా ఆడునట్టి యిల్లు గాబోలు’ అనుకొని కాగితము త్రిప్పివేసియుండును.

పిమ్మట ఆ పిల్లలలో కొందరి కాళ్లకు, వారెచ్చట తిరుగుచున్నారో తెలుపు రేడియో కడియములు తగిలించినారు. ఊరినుండి బయలుదేరునాడు దిష్టి తగులకుండ తల్లి నల్లదారము కట్టి పంపిన కాలికే తగిలించినారో, రెండవ కాలికి తగిలించినారో పత్రికలు వ్రాయలేదు. నాటి విదేశాంగమంత్రి ఎస్.ఎం. కృష్ణగారు అభ్యంతరము తెలిపినారు. మన నగరమందలి అమెరికా కాన్సులేటు అధికారి యొకరు అట్టివానిని హాలీవుడ్ తారలును ధరింతురని ఓదార్చబోయి చీవాట్లు తిన్నారు. సంస్థ అధినేత్రికి 2014లో 16 ఏండ్లకు పైబడిన కారాగారశిక్ష పడినది.

అంతవరకు దొంగలు కళాశాల పెట్టుటయు పోలీసులు పట్టుకొనుటయు నుండెడిది. ఒక పనికి ఇద్దరెందుకని కాబోలు, తరువాత పోలీసులే కళాశాల పెట్టినారు. మిషిగన్ రాష్ట్రమున వెలసిన ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయమునకు వెబ్‌సైటు గలదు, రాజముద్రవంటి ముద్ర గలదు, జ్ఞానము, శ్రమ అని అర్థమిచ్చు లాటిన్ నినాదము గలదు, గుర్తింపునిచ్చు సంస్థవారి జాబితాలో పేరు గలదు. లేనివి ఉపాధ్యాయులును పాఠములును మాత్రమే. సరిహద్దుశాఖకు దాయాదియైన ఇమ్మిగ్రేషన్ శాఖ గూఢచారులు మారుపేర్లతో దానికి యజమానులై కూర్చుండి, ఫీజులు పుచ్చుకొని, ఎవరు చేరుచున్నారో వ్రాసికొనుచు పోయినారు. 2019 జనవరి 30న ముసుగు తీసినారు. దళారులని ఎనిమిదిమందిపై అభియోగము మోపగా, ఆ పేర్లు పత్రికలో చదివినప్పుడు మా ఎల్బీనగర్‌లో ఆగిన ఖమ్మము బస్సు రిజర్వేషను చార్టు చదివినట్లుండెను. తొలివిడత పట్టువడిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు.

ఆ పిల్లలు ఏమియు ఎరుగని పసివాండ్రని నేననను. తరగతికి పోనక్కరలేని చదువు, చదువక్కరలేని వీసా అని తెలిసియే చేరినవారు చాలమంది యుందురు. బోనులో దూరుట ఎలుక తప్పే. కాని స్వహస్తములతో వడ వండి, అల్లము దట్టించి, వాసన వీధివీధికి పోవునట్లు విసరినవాడు, పిమ్మట అరుగెక్కి ఎలుకజాతి తిండిబోతుతనముపై ఉపన్యసించుట చూచువారికి వింతగానుండును. అధ్యాపకులు తనిఖీనాడు మాత్రమే కనబడు ఇంజనీరింగు కళాశాలలో నాలుగేండ్లు చదివి పోయిన మన పిల్లవానికి అధ్యాపకులు లేని విశ్వవిద్యాలయమును చూచి అనుమానము ఎట్లు కలుగును? అచ్చము మన కళాశాలవలెనే యున్నదని వానికి ప్రాణము లేచివచ్చియుండును. ఫీజు తిరిగి యిండని ఒక విద్యార్థి తనవంటివారందరి పక్షమున దావా వేయగా, దానిని విచారింపవలసినదేయని 2024లో అచ్చటి ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము తేల్చినది. లేని పాఠమునకు ఫీజు తిరిగి యిచ్చు సంప్రదాయము అచ్చట నెలకొన్నచో, ఆ గాలి ఇటు సోకకుండ మన యాజమాన్యములవారు తలుపులు బిగించుకొనవలసియుండును.

ఈ నడుమ సరిహద్దు మెల్లమెల్లగా ఇటు జరుగుచునే యున్నది. 2014 జనవరిలో అబూదాబీ విమానాశ్రయముననే అమెరికా అధికారులు బల్లలు వేసికొని కూర్చుండి, విమానమెక్కకముందే తనిఖీ ముగించుట మొదలిడినారు. 2015 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవలసిన 19 మంది విద్యార్థులను, అచ్చటి సరిహద్దుశాఖ కబురంపగా, ఎయిరిండియావారు మన శంషాబాదులోనే ఆపివేసినారు. ఆ లెక్కన నేడో రేపో ఎల్బీనగర్ మెట్రో మెట్ల దగ్గరకే వచ్చునని నేను ఎదురుచూచుచుండగా, అది మెట్రో కొరకు ఆగక తిన్నగా మా చెల్లెలి యింటి హాలులోనికి వచ్చినది.

మా మేనల్లుడు అమెరికాకు దరఖాస్తు చేసినాడు. డీఎస్-160 అను ఆ దరఖాస్తులో, 2019 మే నెలాఖరు నుండి, గడచిన ఐదేండ్లలో వాడిన సామాజిక మాధ్యమ ఖాతాల పేర్లన్నియు వ్రాయవలెను. ఇంటరు చదువు దినములలో ఒక కథానాయకుని పేరునకు ‘డైహార్డ్’ అను విశేషణమును తగిలించి తెరచిన ఖాతా యొకటి వానికి గలదట. దానిని రాజపత్రములో వ్రాయుటకు సిగ్గుపడుచు నా యొద్దకు వచ్చినాడు. “రాయకపోతే ఏమైతది మామా?” అని అడిగినాడు. అబద్ధమాడినట్లగునంటిని. “రాస్తే పరువు పోతది” అన్నాడు. రెండును నిజమే. ఈలోగా 2025 మే నెలలో విద్యార్థుల ఇంటర్వ్యూ స్లాట్లు ఆపివేసి, జూన్ 18న మరల తెరచుచు, విద్యార్థులందరును తమ ఖాతాలను పబ్లిక్ చేయవలెనని అమెరికా విదేశాంగశాఖ శాసించినది. వాడు ఒక రాత్రి తొమ్మిదిన్నరకు, గుండె రాయి చేసికొని, తాళము తీసినాడు.

వర్జీనియాలో అప్పటికి మధ్యాహ్నము. అచ్చటివారు చూచినారో లేదో భగవంతుని కెరుక. మా చెల్లెలు మాత్రము చూచినది. కళ్లద్దములు ముక్కుచివరకు జార్చి, ఫోను నేలకు సమాంతరముగా పట్టుకొని, ఒక ఛాయాచిత్రమును రెండు వ్రేళ్లతో పిండి వలె సాగదీయుచు సోఫాలో కూర్చున్నది.

“ఇదేడిదిరా?”

“ట్యాంక్‌బండ్ అమ్మా.”

“ట్యాంక్‌బండ్‌ల అలలు ఎప్పటి సంది వస్తున్నయ్?”

వాడు మౌనము వహించినాడు. ఆమె లేచిపోయి వంటింటి అలమరలోనుండి పాల లెక్క, కిరాణా లెక్క వ్రాయు పొడుగు పుస్తకము తెచ్చి, బొమ్మక్రింది తేదీని ఆ పుస్తకములోని తేదీతో వ్రేలు పెట్టి సరిపోల్చినది. ఫిబ్రవరి 13: పుస్తకములకు 4,000. ఫిబ్రవరి 14: గ్రూప్ స్టడీ, దిల్‌సుఖ్‌నగర్ హాస్టలులో స్నేహితుని గదిలో పడక. అప్పుడు మరల బొమ్మను సాగదీసినది. ఎడమమూల ఇసుకలో, వీని బూట్ల ప్రక్కన, ఇంకొక జత చెప్పులు. సన్నని పట్టీలు, పట్టీలపై చిన్న చిన్న పూసలు.

“అన్నా, జర ఇటు రా. ఈ చెప్పులు మగపిల్లగాండ్లు తొడుగుతరా?”

నేను కళ్లద్దములు తెచ్చుకొనలేదంటిని. ఇంతలో ఆమె ఫోను మ్రోగినది; సూర్యాపేటలోని వాని మేనత్త. ఆమెకు పూసల సంగతి అంతకుముందే తెలిసినది, వాని వెలతో సహా.

ఇంటర్వ్యూనాడు ఎల్బీనగర్‌లో తెల్లవారుజామున బయలుదేరి, ఊరికి ఆ చివర నానక్‌రామ్‌గూడలో 2023లో తెరచిన కాన్సులేటు భవనమునకు నేనును వెంట పోయి, రోడ్డు ప్రక్కన చెట్టుక్రింద తండ్రులతోను మామలతోను నిలుచుంటిని. 214బీ క్రింద తిరస్కరించిన కాగితము పట్టుకొని వచ్చు పిల్లవానిని దూరమునుండియే నడకచూచి గుర్తుపట్టుటలో అచ్చటి తండ్రులకు గల నేర్పును ఏ శాఖవారైనను మెచ్చుకొనవలసినదే. మావాడు నవ్వుచు వచ్చినాడు. అధికారిణి అడిగినవి మూడు ప్రశ్నలట: ఏ విశ్వవిద్యాలయము, ఖర్చు ఎవరు పెట్టుచున్నారు, తండ్రి యేమి చేయును. నిమిషమున్నర. సముద్రమును గూర్చిగాని చెప్పులనుగూర్చిగాని ప్రస్తావనయే రాలేదు.

వీసా ముద్రతో పాస్‌పోర్టు చేతికి వచ్చిన దినమున వాడు భోజనము ముగించి, చేయి కడిగికొని, ఫోను తీసి, ఖాతాను మరల ప్రైవేటు చేసికొందునని మెల్లగా అన్నాడు.

“ఎందుకురా? వాండ్లు చూస్తరో లేదో, నేనైతే చూస్త. అట్లనే ఉండనియ్” అన్నది మా చెల్లెలు, పెరుగు వడ్డించుచు.

అట్లనే ఉంచినాడు. ఆ నెలలో వాని ఖాతాకు నలువదిమూడు మంది క్రొత్త అనుచరులు చేరినారు. అందరి యింటిపేరు మాదో, మా బావగారిదో.