రెండు పుల్లల డబ్బా

మా వైపు బొమ్మ విమానం తయారుచేసుకోవడం పెద్ద కష్టం కాదు. థర్మకోల్, గ్లూగన్, ప్రచార బోర్డులకు వాడే గుల్ల ప్లాస్టిక్ అట్ట, ఇవన్నీ భద్రాచలంలోనే దొరుకుతాయి. దొరకనివి ఖమ్మంలో దొరుకుతాయి. ఎన్నికలైన మర్నాడైతే అట్టకు పైసా పెట్టక్కర్లేదు. నా మొదటి విమానం రెక్కల మీద ఒక అభ్యర్థి దణ్ణం పెడుతూ ఉండేవాడు. కొలత కుదరక మధ్యకు కోస్తే ఒక చెయ్యి కుడి రెక్క మీదికీ, ఇంకో చెయ్యి ఎడమ రెక్క మీదికీ వెళ్లాయి. డిపాజిట్ పోయాక కూడా గాల్లోకి లేచిన నాయకుడు మా నియోజకవర్గంలో ఆయనొక్కడే.

మోటారు, సర్వోలు, బ్యాటరీ కొరియర్‌లో వచ్చేస్తాయి. ఎటూ తేలనిది చేతిలో పట్టుకుని విమానాన్ని నడిపే ఆ రెండు పుల్లల డబ్బా, అంటే రేడియో సంగతే. విమానం ఎలాగూ పోయేదే. ఇవాళ కాకపోతే వచ్చే ఆదివారం. రేడియో మాత్రం మిగులుతుంది, తర్వాతి విమానానికీ ఆ తర్వాతి దానికీ అదే పనికొస్తుంది. అందుకే తెలిసినవాళ్లంతా "పొదుపు విమానం మీద చెయ్యి, రేడియో మీద చెయ్యకు" అంటారు. ఈ తెలిసినవాళ్లు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. వాళ్ల మైదానం చుట్టూ అపార్టుమెంట్లు. మాకు చుట్టూ జామాయిల్ తోటలు, వాటి వెనక అసలు అడవి.

మా బామ్మర్ది హైదరాబాద్ బాపతు. ఫోన్‌లో ఒకటే ఊదర. "బావా, కొంటే పదహారు చానళ్లది కొను. టచ్ స్క్రీన్ ఉంటది. విమానం ఎంత ఎత్తులో ఉందో, బ్యాటరీ ఎంత మిగిలిందో అదే నోటితో చెప్తది."

మా ఆవిడ స్పీకర్‌లో విని, "ఇంట్లో మనిషి చెప్తేనే వినరు, డబ్బా చెప్తే వింటారా?" అంది.

నేర్చుకునే విమానానికి కావలసిన చానళ్లు నాలుగు. మోటారు వేగానికొకటి, ముక్కు పైకీ కిందికీ కదపడానికొకటి, రెక్క వాల్చడానికొకటి, తోక చుక్కానికొకటి. ఆరుంటే ఫ్లాప్‌లకూ, ముడుచుకునే చక్రాలకూ సరిపోతాయి. నా విమానానికి అసలు చక్రాలే లేవు. దానికి పదహారు చానళ్లు కొనడమంటే ఇద్దరున్న కాపురానికి పెళ్లివారి గుండిగ కొనడమే.

ఇక ఆ రంగుల తెర. భద్రాచలంలో మే నెల ఎండ ఒక్కోసారి నలభై అయిదు డిగ్రీలు దాటుతుంది. మిట్టమధ్యాహ్నం టచ్ స్క్రీన్‌లో స్పష్టంగా కనిపించేది ఒక్కటే, చెమటోడుతున్న నా మొహం. బామ్మర్ది ముచ్చటగా వెక్కిరించే ఆరు చానళ్ల రేడియో ఫ్లైస్కై ఐ6 తెరకు రంగుల్లేవు. దాని నల్లటి అంకెలు మాత్రం ఎండలోనే బాగా ఆనతాయి. పైగా అందులో వేసేది నాలుగు పెన్సిల్ సెల్లులు. దుమ్ముగూడెంలో కిరాణా కొట్టుకు వెళ్లినా షాంపూ పొట్లాల పక్కనే వేలాడుతుంటాయి. ఖరీదైన రేడియోల్లో వేసే 18650 లిథియం సెల్లులు అడిగితే కొట్టాయన చేతులు తుడుచుకుని, "అది ఏ జబ్బుకి సార్?" అన్నాడు.

అయితే బామ్మర్ది చెప్పినవాటిలో ఒకటి మాత్రం కొట్టిపారెయ్యలేను. పుల్లల అడుగున ఉండే గింబళ్ల విషయం. చవక రేడియోల్లో పుల్ల ఎంత కదిలిందో పొటెన్షియోమీటర్ చెబుతుంది, అంటే లోపల ఒక పట్టీ మీద చిన్న ముక్క రాసుకుంటూ తిరుగుతుంది. దుమ్ము చేరితే ఆ రాపిడిలో తేడా వస్తుంది, పుల్ల ముట్టుకోకుండానే రెక్క వణుకుతుంది. కాస్త పై రకాల్లో హాల్ సెన్సర్లు పెడతారు. అయస్కాంతం దగ్గరైందా దూరమైందా అని కొలుస్తాయి తప్ప ఏదీ దేన్నీ తాకదు. నగరంలో ఇది విలాసం. మాకు అవసరమే, ఎందుకంటే మా రన్‌వేలు రెండూ దుమ్ము లేచేవే. ఒకటి వేసవిలో గోదారి వెనక్కి తగ్గాక బయటపడే ఇసుక. రెండోది కోతలయ్యాక చదునుగా చేసిన కల్లం.

కల్లంతో వచ్చిన చిక్కేమిటంటే, నేల చక్కగా గట్టిపడి విమానం దించడానికి అనువైన రోజుల్లో దాని మీద ఎర్రగా మిర్చి పరిచి ఉంటుంది. ఖమ్మం మిర్చి యార్డుకు పోయే సరుకు. ఒకసారి విమానం నేరుగా రాశిలోకి దిగింది. రైతు కోప్పడలేదు. నింపాదిగా వచ్చి, "విమానం పట్టుకుపోండి సారూ, లోపల దూరిన కాయలు మాత్రం ఇచ్చెయ్యండి" అన్నాడు. ఇచ్చేశాను. ఆ చేత్తోనే రేడియో పట్టుకుని మళ్లీ ఎగరేశాను, ఆ చేత్తోనే నుదుటి చెమట తుడుచుకున్నాను, చెమట కంట్లోకి దిగింది. హాల్ సెన్సర్లకు మిరప ఘాటు పట్టదు. పట్టేది పైలట్‌కే.

ఏ పుల్ల ఏ పని చెయ్యాలన్నది ఇంకో గొడవ, దాన్నే మోడ్ అంటారు. అది తెమిలింది మాత్రం మా మేనల్లుడి వల్ల. వాడు కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్. అక్కడ ఏరోమోడలింగ్ కూడా నేర్పుతారు కాబట్టి మా బంధువుల్లో ఈ విద్యకు వాడే గురువు. అప్పటికి ఒకాయన సగం ధరకు ఒక రేడియో ఇస్తానన్నాడు. చూడ్డానికి ముద్దుగా ఉంది, కానీ అది మోడ్ 1. అంటే మోటారు వేగం కుడి పుల్లలో, ముక్కు ఎత్తడం ఎడమ పుల్లలో. మోడ్ 2లో ఆ రెండూ తారుమారు. జపాన్‌లో మోడ్ 1 వాళ్లు ఎక్కువ, అమెరికాలో మోడ్ 2 వాళ్లు ఎక్కువ. ఏది మేలన్న వాదన ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. నేనూ రెండు వైపులా చదివి, నోట్సు రాసుకుని, ఖమ్మం వెళ్లి మేనల్లుడి ముందు పెట్టాను.

"మామయ్యా, నీకు నేర్పేదెవరు?"

"నువ్వే."

"నాది మోడ్ టూ. ఆ నోట్సు మడిచి లోపల పెట్టు."

నిజానికి కొత్తవాడు రేడియో ఎంచుకోవడానికి ఇంతకన్నా గట్టి కారణం నాకు కనబడలేదు. గురువుది ఏ కంపెనీయో, ఏ మోడో అదే కొనాలి. అప్పుడు రెండు రేడియోలనూ ఒక కేబుల్‌తో కలపొచ్చు. గురువు తన మీట పట్టుకున్నంతసేపూ పెత్తనం శిష్యుడిది. వదిలేశాడా, మరుక్షణం విమానం గురువు చేతికి వచ్చేస్తుంది. మా వాడు ఆ మీట పట్టుకున్నది తక్కువ, వదిలింది ఎక్కువ.

కానీ ఏ గురువూ, ఏ ధర రేడియో తప్పించలేని ముడి ఒకటుంది. విమానం మననుంచి దూరంగా పోతున్నంతసేపు దాని కుడి మన కుడే. మనవైపు తిరిగిందంటే కుడి ఎడమవుతుంది. ఎడమ రెక్క వాలిందని సరిచెయ్యబోతే ఇంకా వాలుతుంది. దీనికి మేనల్లుడు చెప్పిన ఉపాయం ఏమిటంటే, ఎదురొస్తున్నప్పుడు కనబడేది ఏ పక్క వాలితే పుల్ల ఆ పక్కకే నెట్టాలి, పడిపోతున్న రెక్క కింద ఆసరా పెడుతున్నట్టు. పాఠం రెండు నిమిషాల్లో అర్థమైంది. వేళ్లకు అర్థం కావడానికి ఒక వేసవి పట్టింది. కేబుల్ పెట్టి రేడియోను కంప్యూటర్‌కు తగిలించి సిమ్యులేటర్‌లో సాధన చేశాను. అందులో నాకు ఎదురులేదు, జామాయిల్ చెట్టూ లేదు.

పాతకాలం వాళ్లకు మోడ్ కన్నా పెద్ద భయం పక్కవాడు. 35, 72 మెగాహెర్ట్జ్ రేడియోల రోజుల్లో ఒక్కొక్కరికి ఒక్కో క్రిస్టల్, ఒక్కో ఫ్రీక్వెన్సీ. అదే నంబరున్న ఇంకొకడు తన డబ్బా ఆన్ చేస్తే మన విమానం ఎవరి మాట వినాలో తెలియక నేలను వెతుక్కునేది. అందుకే క్లబ్బుల్లో ఒక బోర్డు పెట్టి, తన నంబరు క్లిప్పు చేతికి వచ్చినవాడే రేడియో ఆన్ చెయ్యాలని నియమం పెట్టారు. 2000ల మధ్యలో 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చాక ఆ బోర్డులు మూలపడ్డాయి. ఇప్పటి రేడియోల్లో చాలా వరకు ఒకచోట నిలబడవు. క్షణానికి ఎన్నోసార్లు ఒక ఫ్రీక్వెన్సీ నుంచి ఇంకోదానికి గెంతుతుంటాయి, విమానంలో దానికి జతకట్టిన, అంటే బైండ్ చేసిన, రిసీవర్ కూడా అదే వరసలో గెంతుతుంది. ఇలా గెంతే ఉపాయానికి 1942లో అమెరికాలో పేటెంట్ తీసుకున్న ఇద్దరిలో ఒకరు హాలీవుడ్ నటి హెడీ లమార్, రెండోవారు సంగీతకారుడు జార్జ్ ఆంథైల్. టార్పెడోలను శత్రువు దారి మళ్లించకుండా 88 ఫ్రీక్వెన్సీలు పెట్టారు. పియానో మెట్లు కూడా అన్నే. మన హీరోయిన్లను మూడు పాటలకూ రెండు సీన్లకూ పరిమితం చేసే దర్శకులు ఈ పేరా రెండోసారి చదవగలరు.

ఇంత గెంతే రేడియోకు నగరంలో పోటీ వైఫై. మా దగ్గర ఆ బాధ లేదు. పంచాయతీ ఆఫీసు దాటితే వైఫై ఉండదు. మాకున్న శత్రువు ఆకు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. నీరు నిండిన ఆకులు దాన్ని పీల్చేసుకుంటాయి, వాన కురిసి తడిస్తే మరీను. సారపాక కాగితం మిల్లు పుణ్యమా అని మా చుట్టుపక్కల ఎకరాలకు ఎకరాలు జామాయిలే. విమానం ఆ వరసల వెనక్కి దిగిందా, రేడియోకు దానికి మాటల్లేవు. నాది ఒకటి కొమ్మల్లో చిక్కుకుంటే తోట యజమాని ఓదార్చాడు. "కొట్టించే ఏడు ఎంతో దూరం లేదు సార్. చెట్టు మిల్లుకు పోతది, మీది మీకొస్తది."

బామ్మర్దికి ఇదీ చెప్పాను. వెంటనే కొత్త చిట్కా వచ్చింది. 915 మెగాహెర్ట్జ్ మాడ్యూల్ కొనమన్నాడు, ఆకుల్లోంచి బాగా దూసుకుపోతుందట. ఫ్రీక్వెన్సీ తగ్గితే ఆకుల అడ్డు తగ్గుతుందన్నది నిజమే. కానీ 915 అమెరికా వాళ్లకు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌ను లైసెన్సు అక్కర్లేకుండా వదిలింది 2005లో. అదే ఏడు కింది పక్కన వదిలిన ముక్క 865 నుంచి 867. అయినా నాకు అంత దూరం ఎందుకు? మీటరు రెక్కల విమానం మూడొందల మీటర్లు పోతే చుక్కయిపోతుంది. ఆ చుక్క వస్తోందో పోతోందో నా కళ్లజోడు తేల్చలేదు. రేడియో రేంజి కన్నా నా కంటి రేంజి ముందే అయిపోతోంటే కొనాల్సింది మాడ్యూల్ కాదు, కొత్త అద్దాలు.

పైసా ఖర్చులేని చిట్కా ఒకటి మాత్రం చాలామందికి తెలియదు. యాంటెన్నా మొనను తుపాకీలా విమానం వైపు గురిపెడతారు. మొన దిక్కుకు దాదాపు ఏమీ పోదు, తరంగాలు పోయేది పక్కలకే. మొనను పక్కకు వంచాలి.

ఇక నా లెక్కలో మిగతా అన్నిటికన్నా ముఖ్యం ఫెయిల్‌సేఫ్. సిగ్నల్ తెగితే విమానం ఏం చెయ్యాలో ముందే చెప్పి పెట్టడం. మోటారు ఆపేసి, చుక్కాని కాస్త తిప్పి ఉంచితే గుండ్రంగా తిరుగుతూ ఉన్నచోటే దిగుతుంది. అలా పెట్టకపోతే ఆఖరి ఆజ్ఞే పట్టుకుని పోతూ ఉండొచ్చు. మామూలు ఊళ్లో పోతే పక్క వీధికి పోతుంది. మాకు పక్క రాష్ట్రం. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం అటు పోయాయి. రాములవారు తెలంగాణలో, ఆయన పొలాలు ఆంధ్రలో. నా విమానం లేచేది ఇక్కడ, మలుపు తిరిగేది అక్కడ. ఇంకాస్త పట్టుదల గలదైతే ఛత్తీస్‌గఢ్ దారి పడుతుంది. చర్ల దాటిన ఆ అంచున మాత్రం నేను పెట్టె విప్పను. అక్కడ ఆకాశంలో ఏదైనా కదిలితే అది సరదాకి అని ఎవరూ అనుకోరు.

ఫెయిల్‌సేఫ్ పనిచేసిన రోజున కూడా విమానం జీలుగు చెట్టు తలలో దిగింది. చీకటి పడుతోందని ఇంటికొచ్చేశాను. చాలాసేపు థ్రాటిల్ కదలకపోతే, మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్సీలు కొన్ని మోటారు చేత కీచుమని కూతలు పెట్టిస్తాయి. తెల్లారి కల్లు దించడానికి ఎక్కినాయన విమానం చంకలో పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. "సారూ, మీ పిట్ట రాత్రంతా కూస్తానే ఉంది. ఆకలేమో."

చివరికి కొన్నది ఆరు చానళ్ల ఐ6, మోడ్ 2, నాలుగు పెన్సిల్ సెల్లులు. గింబళ్లు పాత రకమే కాబట్టి వాటి మీదికి ఒక ప్లాస్టిక్ సంచి. ఒకరోజు దాన్నీ విమానాన్నీ బైక్ మీద తీసుకెళ్తుంటే దారికి అడ్డంగా గొలుసు కట్టి తనిఖీ. కానిస్టేబుల్ సంచి విప్పి, యాంటెన్నా చూసి, నన్ను చూశాడు.

"ఏంటి సార్ ఇది?"

విమానం చూపించాను. 2021 డ్రోన్ రూల్స్ చెప్పాను. గ్రీన్ జోన్ అంటే ఏమిటో, అందులో నాలుగొందల అడుగుల వరకు ఎలా ఎగరేసుకోవచ్చో ఫోన్‌లో మ్యాపు తీసి చూపించాను. ఆయన మొహం మెత్తబడింది.

"మా చిన్నోడు కూడా ఒకటే గోల సార్, విమానం కావాలని. వాడికి ఎలాంటి రిమోట్ కొనాలంటారు?"

బండి స్టాండ్ వేశాను. "ముందు మోడ్ సంగతి తేల్చుకోవాలండీ. జపాన్‌లో ఏమంటారంటే..."

హాల్ సెన్సర్ల దాకా వచ్చేసరికి వెనక ఇసుక లారీలు హారన్లు మొదలుపెట్టాయి. గొలుసు దించేసి, "సార్, మీరు ముందు బయల్దేరండి" అన్నాడాయన.