విడాకులు కావాలా? ముందు రాష్ట్రమైపోండి

2025 జనవరి 9న మా భద్రాచలం గోదావరిలో సీతారాముల తెప్పోత్సవానికి హంస వాహనం సిద్ధమైంది. అదే రోజు ఢిల్లీలో అయిదుగురు న్యాయమూర్తులు, బహిరంగ విచారణ అక్కర్లేదంటూ ఛాంబర్లోనే కూర్చుని, స్వలింగ జంటల పెళ్లి కేసులో రివ్యూ పిటిషన్లన్నీ కొట్టేశారు. 2023 అక్టోబర్ 17 నాటి తీర్పులో పైకి కనిపించే తప్పేమీ లేదట. హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ మొదలుపెట్టిన కేసు అలా తెల్లారింది. పెళ్లి లేదన్నందుకు ఏడ్చేవాళ్లు వేరే ఉన్నారు. నా ఏడుపల్లా విడాకుల గురించి.

ఒకమ్మాయిది భద్రాచలం, ఇంకో అమ్మాయిది ఎటపాక అనుకోండి. మొదటిది తెలంగాణ, ఊరి పొలిమేర దాటితే రెండోది ఆంధ్రప్రదేశ్. ఇద్దరూ చదువుకోడానికి టొరంటో వెళ్లారు, అక్కడే పెళ్లాడారు, మళ్లీ ఇంటికొచ్చేశారు. ఇప్పుడు పడటం లేదు. తెలంగాణ కోర్టు గడప తొక్కినా, ఆంధ్రా కోర్టు గడప తొక్కినా మొదటి ప్రశ్న ఒక్కటే: మీకసలు పెళ్లెప్పుడైందమ్మా?

కెనడాకి ఈ చిక్కు ముందే తెలిసింది. పెళ్లికొచ్చి వెళ్లిపోయిన పరదేశీ జంటల కోసం 2013లో ఒక చట్టం చేసింది. ఏడాది వేరుగా ఉండి, ఇద్దరూ ఒప్పుకుంటే విడాకుల కాగితం ఇస్తుంది. ఇల్లూ, భరణం మాత్రం ఆ చట్టం కింద అడక్కూడదు. ఒక్కరే ఒప్పుకుంటే? రెండోవాళ్లు మొండికేస్తున్నారని ఇంకో కోర్టు ఉత్తర్వు తేవాలి. ఎటపాక నుంచి.

అందుకని నా సలహా వినండి. ఇద్దరూ కలిసి ఒక రాష్ట్రమైపోండి.

నవ్వకండి, దీనికి దాఖలా ఉంది. 1956 నవంబర్ 1న ఆంధ్రకీ తెలంగాణకీ పెళ్లి జరిగింది. అమాయకురాల్ని తుంటరికిచ్చి కడుతున్నారని, పడకపోతే విడిపోవచ్చని నెహ్రూ అప్పుడే అన్నారని తెలంగాణలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తుంటరి ఎవరో నాకు అంతుపట్టలేదు. ఇటు చూస్తే తెలంగాణ తల్లి, అటు చూస్తే తెలుగు తల్లి. ఇద్దరూ ఆడవాళ్లే. 57 ఏళ్లు కాపురం చేశాక పార్లమెంటే దగ్గరుండి విడగొట్టింది.

కాబట్టి రాజ్యాంగం మూడో అధికరణం కింద దరఖాస్తు పెట్టండి. అసెంబ్లీ అభిప్రాయం అడుగుతారు, అది వద్దన్నా ఏం కాదు. 2014 జనవరిలో వద్దనే అంది, ఏమైంది? మీ పెద్దవాళ్ల అభిప్రాయాన్నీ అలాగే తీసుకోవచ్చు. మాటా మాటా పెరిగితే పెప్పర్ స్ప్రే వాడొచ్చు, లోక్‌సభలోనే వాడారు. అసలు ఘట్టం వచ్చేసరికి ప్రత్యక్ష ప్రసారం ఆగిపోతుంది కనక వీధిలో పరువూ నిలుస్తుంది.

అద్దె ఫ్లాట్ పదేళ్లు ఉమ్మడి రాజధాని. ఫ్రిజ్ విభజన చట్టం తొమ్మిదో షెడ్యూల్లోకి, పిల్లి పదో షెడ్యూల్లోకి. కుక్కరు 58.32, 41.68 లెక్కన పంచాలి. గిన్నె ఒకరికి, మూత ఒకరికి, విజిల్ కృష్ణా ట్రిబ్యునల్‌కి. పెంచుకున్న కుక్క ఎవరిదన్న పేచీ వస్తే మా ఊరి పద్ధతి ఉండనే ఉంది. పోలవరం పేరు చెప్పి ఏడు మండలాలు అటిచ్చేశారు గదా, రాముడు ఇటు మిగిలాడు, ఆయన పొలాలు పురుషోత్తపట్నంలో అటు పోయాయి. ఊరు ఇటు, ఊరి చెత్త పోసుకునే జాగా అటు. అలాగే కుక్క ఇటు, దాని అన్నం గిన్నె అటు.

పదేళ్లు దాటినా పంపకాలు తెమల్లేదు, నిజమే. అయినా 2024 జూలై 6న ఇద్దరు ముఖ్యమంత్రులు ప్రజాభవన్‌లో ఎదురెదురుగా కూర్చున్నారు, కమిటీలేసుకున్నారు. కొట్లాడుకోడానికి వాళ్లకొక బల్ల ఉంది.

ఈ ఆడపిల్లలకి ఆ బల్ల కూడా లేదు. ఇల్లు ఒకరి పేరున ఉంటే, పన్నెండేళ్లు సగం కిస్తీ కట్టిన రెండో మనిషి కట్టుబట్టలతో బయటికి నడవాల్సిందే. భరణం అంటే నువ్వెవరంటారు. ఇది చట్టసభ పని అని కోర్టంటుంది. కేంద్రం కేబినెట్ కార్యదర్శి కింద ఒక కమిటీ వేసింది, రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్లుగా చూడమంది, బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరుచుకోమంది. కలిసి బియ్యం తెచ్చుకోవచ్చట! విడిపోయే రోజు ఆ బియ్యం ఎవరివని అడగడానికి గుమాస్తా కూడా దొరకడు. వివాహ వ్యవస్థని కాపాడటమంటే ఇదేనా? వీధిన పడ్డ మనిషితో నీకసలు ఇల్లే లేదు పొమ్మనడమా? సిగ్గనిపించదా?

ఎటపాక పిల్ల ఆటో ఎక్కి వాళ్లమ్మ దగ్గరికి పోతుంది. పొలిమేర దాటగానే రాష్ట్రం మారుతుంది. ఈ రాష్ట్రంలోనూ ఆ రాష్ట్రంలోనూ ఆమె పెళ్లికాని పిల్లే. టొరంటో రిజిస్టర్లో మాత్రం ఇంకా భార్యే.